పొయ్యిగుంతలో పెద్దమ్మ

పూతలపట్టు దాటినాక బస్సు కిటికీలోంచి ఆ వాసన గుప్పుమంది. మరిగే చెరకు రసం, కాలే పిప్పి, పెనుము అంచుకు అంటుకుని మాడిన పాకం, మూడూ కలిసిన వాసన. ముందు సీట్లో చిన్నపిల్ల "అమ్మా, ఏందమ్మా ఇంత బాగుండాది వాసన" అని వాళ్ళమ్మ కొంగు గుంజింది. నాకూ నోరూరింది. ఆ వెంటనే గొంతు పట్టేసినట్టయింది. నేను పోతున్నది మా పెద్దమ్మ ఉత్తరక్రియలకు.

ఇరవై ఏళ్ళకు పైగా ఆమె బెల్లం పొయ్యికి పిప్పి ఎగదోసింది. కడపటి ఐదారేళ్ళు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, గోడకు ఒరిగి కూర్చునే నిద్రపోయింది. బీడీ ముట్టింది లేదు, వక్కాకు కూడా వేసింది లేదు.

*

మా గానిగ ఊరికి తూర్పున, చింతతోపు పక్కన ఉండేది. మా జేజినాయన కాలంలో ఎద్దుల గానిగట. నాకు ఊహ తెలిసేనాటికే డీజిల్ ఇంజను వచ్చేసింది. సంక్రాంతికి ముందు మొదలుపెడితే ఉగాది దాటేదాకా దానికి విశ్రాంతి ఉండేది కాదు. మా చెరకు ఆడటం అయిపోతే చుట్టుపక్కల రైతులు బండ్లలో తెచ్చుకునేవాళ్ళు. పెనుముకింత అని మా తాతకు బాడుగ ఇచ్చేవాళ్ళు.

తెల్లవారుజామున మూడింటికి చిన్నాయన ఇంజను హ్యాండిలు తిప్పేవాడు. మొదట ఒకటి రెండు దెబ్బలు విడివిడిగా వినబడేవి, తర్వాత డుబడుబడుబమని అందుకునేది. ఆ చప్పుడుకు పిలకాయలమంతా దుప్పట్లు కప్పుకునే పరిగెత్తేవాళ్ళం. మంచు కురుస్తూ ఉండేది. గానిగ దగ్గర మటుకు వెచ్చగా ఉండేది. మూడు ఇనుప రోళ్ళ నడుమ చెరకు గడ నలిగి, ఒకపక్క రసం, ఇంకోపక్క చప్పిడి పిప్పి పడేది. రసం గోనెపట్టలో వడిసి తొట్టిలోకి, తొట్టిలోంచి పెనుములోకి. ఒక టన్ను చెరకు ఆడితే రమారమి 100 కిలోల బెల్లం దిగేది.

వంట మా తాతది. సున్నపు తేట పోసేవాడు. బెండచెట్టు కాడలు నలిపి ఆ జిగురునీళ్ళు పోస్తే మడ్డి అంతా పైకి తేలేది. దాన్ని పెద్ద చిల్లుల గరిటెతో తోడేవాడు. పొంగు మీదికొస్తే నాలుగు ఆముదపు గింజలు నూరి వేసేవాడు, పొంగు ఠక్కున అణిగేది. కడపట పాకం చుక్కను చన్నీళ్ళ గిన్నెలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, గిన్నె అంచుకు కొట్టేవాడు. టక్‌మని మోగితే దించమన్నట్టు. తొలి ముద్ద కాణిపాకం వినాయకుడికి తీసిపెట్టినాకనే మాకు ఆముదపాకుల్లో వేడివేడి బెల్లం.

ఆ తొందరలోనే మా అత్త కొడుకు పాదం మీద పాకం పడింది. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. దించేటప్పుడు పాకం వేడి 115 దాటుతుంది. పైగా వేన్నీళ్ళు జారిపోతాయి, పాకం జారదు, చర్మాన్ని పట్టుకుని కాలుస్తూనే ఉంటుంది. ఎవరో గీకబోయారు, చర్మం ఊడివచ్చింది. సిరా పోసినారు, పేడ పూసినారు. చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు ధార పోయాలని అంతమందిలో ఒక్కరికి తెలీదు. పక్కనే తొట్టినిండా నీళ్ళుండేవి.

*

పెనుము కింద నేలను తవ్వి పొయ్యి కట్టి ఉంటారు. పొయ్యినోటికి ఎదురుగా నడుముల్లోతు గుంత. ఆ గుంతలో కూర్చుని పిప్పి వేసేది మా పెద్దమ్మ.

పొయ్యిగుంతలోంచి చూస్తే పెనుము కనపడదు. పైన ఏం జరుగుతున్నదో ఆమెకు చప్పుడే చెప్పేది. రసం మొదట్లో గలగలమని మరుగుతుంది, చిక్కబడేకొద్దీ ఆ చప్పుడు మందమై కుతకుతమంటుంది, పాకానికొచ్చే ముందు బుడగలు ఒక్కొక్కటే పెద్దవై పగిలి తప్పుతప్పున వినబడుతుంది. తాత నోరు తెరవకముందే పెద్దమ్మ మంట తగ్గించేది. "ఆయమ్మ చెవులతో బెల్లం వండుతాది" అనేవాళ్ళు చెరకు తెచ్చిన రైతులు. ఆమె మరో ఊరికి చుట్టపుచూపుగా పోతే మా గానిగ బెల్లం ఒక పెనుము మాడేది, ఒక పెనుము జావయ్యేది.

పిప్పి బాగా ఎండితే మంట భగ్గుమని లేస్తుంది, పొగ తక్కువ. కానీ గానిగ జోరుగా ఆడే రోజుల్లో ఎండబెట్టుకునే తీరిక ఎక్కడిది? నిన్నటి పిప్పి ఈరోజే పొయ్యిలోకి. పచ్చి పిప్పి రాజుకోక తెల్లటి పొగ ఎగజిమ్మేది. పొగగొట్టం మనిషెత్తు కూడా లేదు. గాలి ఎదురు తిరిగితే ఆ పొగంతా పొయ్యినోట్లోంచే వెనక్కి గుంతలోకి వచ్చేది. పైన నిలబడ్డ మగవాళ్ళు ఇటునుంచి అటు జరిగేవాళ్ళు. గుంతలో కూర్చున్న మనిషి యాడికి జరుగుతుంది?

మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి అవ్వ నా చేతికిచ్చి పంపేది. గుంత అంచున కూర్చుని అందించేవాణ్ణి. పెద్దమ్మ కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. కొంగుతో ముక్కు చీదితే కొంగు నల్లగా అయ్యేది. "ఏం అబ్బోడా, తిన్నావా?" అని అడిగేలోపు దగ్గు అందుకునేది. దగ్గీ దగ్గీ, నవ్వి, "పొయ్యమ్మ నా గొంతులో కాపురం పెట్టిందిరా" అనేది.

చేతికి ఒక బెల్లం ముక్క ఇవ్వబోతే వద్దనేది. పండక్కి చేసిన పొంగలి అయినా, కజ్జికాయ అయినా, బెల్లం పడిందంటే ముట్టేది కాదు. "నాకు దాంట్లో పొగే తగులుతాది నాయనా" అనేది. మేమంతా అది ఆమె చాదస్తం అనుకున్నాం.

*

రోళ్ళకు చెరకు అందించే ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి. ఊరి వరసే. రెండు రాత్రులు వరసగా గానిగ ఆడింది ఆ వారం. మూడో రాత్రి ఆయనకు కునుకు పట్టింది. ఇంజను చప్పుడు ఒక్క క్షణం మారింది, అంతే. గడతోపాటు కుడిచెయ్యి రోళ్ళ దాకా పోయింది. చిన్నాయన బెల్టు తన్ని ఊడగొట్టినాడు కాబట్టి చెయ్యి మిగిలింది. చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. ఆ రసాన్ని పారబోశారు. తెల్లారి గానిగ మళ్ళీ ఆడింది.

ఆసుపత్రి ఖర్చు మా తాత పెట్టుకున్నాడు. ఒక మూట వడ్లు వాళ్ళింటికి పంపినాడు. ఊళ్ళో అందరూ ధర్మాత్ముడన్నారు. నేనూ అట్లే అనుకుంటూ పెరిగినాను.

చిత్తూరు కోర్టులో వకీలు దగ్గర గుమాస్తాగా చేరినాక కదా నాకు తెలిసింది, 1923 నాడే దీనికి చట్టం ఉందని. పనిలో దెబ్బతిన్నవాళ్ళకు యజమాని పరిహారం ఇవ్వాలని చెప్పే చట్టం. ఒక చేతి వేళ్ళు రెండు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం పోయినట్టు, మూడైతే 30, నాలుగైతే 50 అని దాంట్లో పట్టిక రాసి ఉండేది. యంత్రాలతో వ్యవసాయం చేసే చోటి పనివాళ్ళూ దాని కిందికి వచ్చేవాళ్ళు. ఆ పేజీ మొదటిసారి టైపు కొట్టించిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆయనకు హక్కుగా రావాల్సింది మేము దానంగా, అదీ ఒక్క మూట వడ్లుగా ఇచ్చినాం. యజమాని మా తాతే. ఇంటికి పోయి చెప్తే, అప్పటికి తాత లేడు, చిన్నాయన మటుకు తల దించుకుని "మాకేం తెలుసురా" అన్నాడు. నిజంగానే తెలీదు. రోళ్ళ ముందర మూరెడు పొడుగున చెక్క దొప్ప బిగించి, గడను దాంట్లో పెట్టి తోస్తే చెయ్యి రోలు దాకా పోదు. ఆ దొప్పకు ఒక పలక చాలు. అదీ మాకు తెలీదు.

*

అదే చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి జబ్బుల జాబితా ఉండేది. అందులో ఒక పేరు చదివి ఆగిపోయినాను. బగాసోసిస్. బగాస్ అంటే పిప్పి. పిప్పి వల్ల వచ్చే జబ్బు!

మా చిన్నప్పుడు అకాలంగా వాన పడి పిప్పి వాము తడిసిపోతే, లోపల వేడెక్కి, బూజు పట్టేది. ఎండ రాగానే దాన్ని తిరగేసి ఆరబెట్టేవాళ్ళు. తిరగేసేటప్పుడు బూడిదలాంటి దుమ్ము లేచేది. ఆ సాయంత్రం పెద్దమ్మకు, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకు, చలి జొరం, ఒళ్ళు నొప్పులు, ఆయాసం. రెండు రోజుల్లో తగ్గేది. "పిప్పి జొరం" అనేవాళ్ళు. వాము దగ్గర గాలి సోకిందని వేపమండతో దిగదుడిచేవాళ్ళు. బూజు పట్టిన పిప్పి దుమ్ములో ఉండే సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి పోతే, పని చేసిన కొన్ని గంటలకు సరిగ్గా ఇట్లాగే జ్వరం వస్తుందని, మళ్ళీ మళ్ళీ అయితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయని తర్వాత చదివినాను. మా ఊరి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరే సరైంది. జబ్బు ఎక్కడినుంచి వస్తున్నదో వాళ్ళు కనిపెట్టేశారు. కానీ వాళ్ళ మాట ఏ డాక్టరు చెవినా పడలేదు.

*

బెల్లం రంగు గోల ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదట్లో మా బెల్లం చెప్పు తోలు రంగులో ఉండేది. మండీలో వ్యాపారి ముద్దను విరిచి ఎండకు పట్టి, "నలుపుండాదే" అని ధర కోసేవాడు. పసుపుపచ్చ బెల్లానికి ఎక్కువ పలికేది. దానికి తోడు నల్లబెల్లం సారాబట్టీలకు పోతున్నదని పోలీసుల గట్టి నిఘా. నల్లబెల్లం బండి తోలుకుపోవాలంటేనే రైతుకు భయం.

అప్పుడొచ్చింది హైడ్రోస్ పొడి. సోడియం హైడ్రోసల్ఫైట్. నగరి, ఏకాంబరకుప్పం వైపు నూలుకు రంగులద్దే చోట వాడే మందు అది. పాకం దించే ముందు గుప్పెడు చల్లితే, మా కళ్ళముందే, ఎర్రటి పాకం బంగారమయ్యేది. మేము చప్పట్లు కొట్టినాం. ఎవరెంత వెయ్యాలో కొలత లేదు. రంగు రాకపోతే ఇంకో గుప్పెడు.

చల్లేది మా నాయన. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు వాసన, దానికి వంద రెట్లు, పెనుము మీదినుంచి లేచేది. గంధకపు పొగ అది. నాయన మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి చల్లేవాడు. అయినా రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలయ్యాయి. డబ్బా మూత సరిగ్గా పెట్టక మంచుకు చెమ్మ తగిలి, ఒకసారి ఆ పొడి దానంతటదే వేడెక్కి పొగలు కక్కింది. పక్కన ఎండుపిప్పి ఉంది. మా అదృష్టం కొద్దీ ఎవరో చూసి డబ్బాను బయటికి తన్నారు.

నాయన ఇంటికి మాత్రం మందు వెయ్యని పెనుము ఒకటి విడిగా వండించేవాడు. "ఇది మనకు" అని నల్లబెల్లం అటక మీద పెట్టించేవాడు. అది నన్ను ఇప్పటికీ వదలని విషయం. తినేవాళ్ళకు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ గంధకపు మిగులు ఆయాసం తెప్పిస్తుందని డాక్టర్లు చెప్తారు. మండీకి పచ్చబెల్లం పోయేది, మా అటక మీదికి నల్లబెల్లం వచ్చేది. రంగు చూసి ధర కట్టినవాళ్ళను నేను ఎంతైనా తిట్టగలను. కానీ చల్లిన చెయ్యి మా నాయనదే, ఊపిరి పోగొట్టుకున్నదీ ఆయనే.

*

పెద్దమ్మ ఇంటికి గ్యాసు పొయ్యి తొందరగానే వచ్చింది. 1999లో ప్రభుత్వం పెట్టిన దీపం పథకం అది. సిలిండరుకు పసుపు, కుంకుమ పెట్టి, మొదట పాలు పొంగించింది. ఇంక పొగ బాధ తీరిందని సంబరపడింది. అది రోజుకు రెండు గంటల వంట పొగ. పొయ్యిగుంతలో పన్నెండు గంటల పొగ అట్లనే ఉండిపోయింది.

ఆయాసం ముదిరినాక పక్క ఊరి డాక్టరు క్షయ అని ఆరు నెలలు మాత్రలు మింగించాడు. పళ్ళెం వేరు, గ్లాసు వేరు. మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు. మాత్రలు అయిపోయాయి, దగ్గు అయిపోలేదు. అప్పుడు నేనే తిరుపతికి తీసుకుపోయినాను. ఆ డాక్టరమ్మ గొట్టం ఇచ్చి గట్టిగా ఊదమంది. పెద్దమ్మ మూడుసార్లు ఊది, మూడుసార్లూ సగంలో ఆగిపోయింది. కాగితం చూసి డాక్టరమ్మ అడిగింది, "బీడీలు తాగుతావా అమ్మా?"

పెద్దమ్మకు రోషం వచ్చింది. "నేనేం తాగుతాను తల్లీ, నన్నే పొయ్యి తాగింది" అంది.

డాక్టరమ్మ కలం పక్కనపెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, ఎన్నేళ్ళు, రోజుకు ఎన్ని గంటలు, ఏం కాల్చేవాళ్ళు అని ఒక్కొక్కటీ అడిగింది. ఆ పదిహేను నిమిషాలకు నేను ఆమెకు బతికినన్నాళ్ళూ రుణపడి ఉంటాను. అంతకుముందు పెద్దమ్మను ఆమె పని గురించి అడిగిన డాక్టరు లేడు. జబ్బు పేరు సీఓపీడీ, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు అని చెప్పింది. మగవాళ్ళకు ఎక్కువగా పొగాకుతో వస్తుంది, మన ఆడవాళ్ళకు పొయ్యి పొగతో వస్తుంది. పొగలో 2.5 మైక్రాన్లకన్నా సన్నటి నలుసులుంటాయి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు, ముక్కు, గొంతు వాటిని ఆపలేవు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కు దిగుతాయి. ఉన్న ఊపిరిని కాపాడుకోవచ్చు గానీ పోయింది వెనక్కి రాదు అని మెల్లగా చెప్పింది. పీల్చే మందు రాసిచ్చింది.

తిరుగు బస్సులో పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చంద్రగిరి కోట కనబడేటప్పుడు, "అయితే నాకు క్షయ లేదు కదా, పిల్లను ఎత్తుకోవచ్చు కదా" అని అడిగింది. ఎత్తుకోవచ్చు పెద్దమ్మా అన్నాను. కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

ఆమెకు ఏమైనా పరిహారం వస్తుందేమోనని నేను చట్టం పుస్తకాలు తిరగేసినాను. ఏమీ దొరకలేదు. చట్టానికి ఒక యజమాని కావాలి, ఒక కూలి కావాలి. పెద్దమ్మ కూలి కాదు, ఇంటి కోడలు. ఇరవై ఏళ్ళలో ఆమె చేతిలో ఎవరూ ఒక్క రోజు కూలి పెట్టలేదు. ఇంటి పొగ వల్ల 2020 ఒక్క ఏడాదే 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. అది వంట పొయ్యి లెక్క. గానిగ పొయ్యి దాంట్లో లేదు. ఫ్యాక్టరీ కాదు కాబట్టి అక్కడి లెక్కలోనూ లేదు. మా పెద్దమ్మ పేరు ఏ కాగితంలో రాయించాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

*

బస్సు దిగి, ఊళ్ళోకి నడిచేదారిలో ఒక గానిగ ఆడుతుంటే ఆగినాను. ఇప్పుడు మావైపు గానిగలు తక్కువ. బోర్లు ఎండిపోయాయి, చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చెరకు కయ్యలన్నీ తోతాపురి మామిడి తోటలయ్యాయి. ఇక్కడ మోటారు ఉంది, పొగగొట్టం కాస్త ఎత్తుగానే ఉంది. గుంతలో ముప్పై ఏళ్ళమ్మాయి, ముక్కుకు కొంగు చుట్టుకుని పిప్పి వేస్తున్నది. కొంగు ఆ నలుసుల్ని ఆపదమ్మా అని చెప్పినాను. ఎండుపిప్పే వెయ్యి, గాలి ఎదురు తిరిగితే పైకి లేచి వచ్చెయ్యి, పెనుము మాడితే మాడనీ అన్నాను. ఆ అమ్మాయి గానిగ ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు చూశాడు. ఆయనకూ అదే చెప్పినాను, ఇంకాస్త గట్టిగా. నా కంఠం వణికిందేమో, ఆయన ఎదురు మాట్లాడలేదు. "మీకు మందు వెయ్యని బెల్లం ఇమ్మంటారా సార్?" అని అడిగాడు. వద్దన్నాను.

ఇంటి ముందు షామియానా వేసి ఉంది. వేళ్ళు పోయిన మామ ఎడంచేత్తో అందరికీ మంచినీళ్ళు ఇస్తున్నాడు. లోపల పెద్దమ్మ పటం ముందు అరిటాకు పరిచి ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తున్నారు. రాగిసంగటి, ఊరుబిండి, ఉలవచారు, చెనిక్కాయల వేపుడు. చుట్టాల్లో ఎవరో పెద్దావిడ, శుభమని, తియ్యటి పొంగలి తెచ్చి ఆకు మొదట్లో పెట్టింది. నెయ్యి, జీడిపప్పు వేసిన బెల్లం పొంగలి, ఇంకా పొగలు వస్తున్నది.

పెద్దమ్మ కూతురు, మా అక్క, ఒక్క మాట మాట్లాడకుండా వంగి, ఆ పొంగలి ఆకు మీదినుంచి తీసేసి, ఆ చోటు నీళ్ళు చిలకరించి కొంగుతో తుడిచింది.